నోటిమాట మీద కిరాయికి తీసుకున్న ఇల్లు: ఒప్పందం ఎంతవరకు చెల్లుతుంది, దాన్ని ఎలా కాపాడుకోవాలి

నల్గొండ రామగిరిలో గానీ, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో గానీ టు-లెట్ బోర్డు చూసి ఇల్లు అడగడానికి వెళ్లిన మనిషికీ ఓనర్‌కూ మధ్య మాట కుదరడానికి సాధారణంగా పది నిమిషాలు కూడా పట్టదు. కిరాయి ఎంత, అడ్వాన్సు ఎన్ని నెలలది, కరెంటు మీటరు వేరుగా ఉందా, నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుంది, ఇంట్లో ఎంతమంది ఉంటారు అన్న ప్రశ్నలు అయిపోయాక అడ్వాన్సు నగదుగా చేతిలో పెట్టి తాళంచెవి తీసుకుంటారు. కాగితం ఊసే రాదు. ఆ తరువాత కిరాయి పెంచమన్న రోజునో, ఉన్నపళంగా ఖాళీ చేయమన్న రోజునో, అడ్వాన్సు తిరిగి ఇవ్వనన్న రోజునో ఇద్దరికీ ఒకే అనుమానం వస్తుంది: రాసుకోని ఒప్పందం చట్టం ముందు నిలబడుతుందా?

నిలబడుతుంది. అయితే ఏడాదికి మించిన గడువు మాట నిలబడదు, అది సాధారణంగా నెలవారీ కిరాయిగానే నిలుస్తుంది. మొదటి సంగతి తెలియక, కాగితం లేదు కాబట్టి తమకు ఏ హక్కూ లేదనుకుని మరునాడే సామాను సర్దుకున్న కుటుంబాలను నేను చూశాను. రెండో సంగతి తెలియక, ఐదేళ్ల మాట ఉంది కదా అని లక్షలు పెట్టి దుకాణం తీర్చిదిద్దుకుని నష్టపోయినవాళ్లనూ చూశాను. ఈ రెండు నష్టాలూ తప్పించుకోగలిగినవే కాబట్టి ఈ విషయాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఇళ్లు, పోర్షన్లు, మడిగెల గురించి. వ్యవసాయ భూమి కౌలుకు 1950 నాటి వేరే చట్టం ఉంది, దాన్ని దీనితో కలపకూడదు.

చట్టం దేన్ని ఒప్పుకుంటుంది

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 107వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన గడువుకు గానీ, ఏటేటా సాగేటట్టు గానీ, ఏడాది కిరాయి లెక్కన గానీ ఇచ్చే కిరాయి హక్కు రిజిస్టరు పత్రం ద్వారానే కలుగుతుంది. మిగతా కిరాయిలు నోటిమాటతోనైనా కుదురుతాయి, కాకపోతే ఆ మాటతో పాటు ఇల్లు స్వాధీనం చేయాలి. తాళంచెవి చేతికి వచ్చి మీ సామాను లోపలికి చేరిందంటే స్వాధీనం జరిగినట్టే. అప్పటి నుంచి మీరు ఓనర్ దయ మీద ఉంటున్న చుట్టం కాదు, చట్టం గుర్తించే కిరాయిదారు.

గడువు గురించి చెల్లుబాటయ్యే ఒప్పందం లేనప్పుడు ఏం చేయాలో అదే చట్టంలోని 106వ సెక్షన్ చెబుతుంది. నివాసానికి, వ్యాపారానికి ఇచ్చిన ఇల్లయితే అది నెలనెలా సాగే కిరాయి అని భావించాలి. 15 రోజుల నోటీసుతో ఓనర్ అయినా, కిరాయిదారు అయినా దాన్ని ముగించవచ్చు. నోటీసు ఓనర్ ఒక్కడే ఇవ్వాలన్న అపోహ చాలామందికి ఉంది. నెల మధ్యలో చెప్పాపెట్టకుండా తాళం వేసి వెళ్లిపోయిన కిరాయిదారు కూడా ఈ సెక్షన్‌ను మీరినట్టే, ఆ మేరకు ఓనర్ అడ్వాన్సు నుంచి కోత పెడితే తప్పుపట్టడం కష్టం.

ఆ నోటీసు కాగితం మీద ఉండాలి, ఇచ్చేవారి సంతకమో వారి తరఫు సంతకమో ఉండాలి. పోస్టులో పంపవచ్చు, స్వయంగా చేతికి ఇవ్వవచ్చు, ఇంట్లో కుటుంబసభ్యులకు ఇవ్వవచ్చు, ఇవేవీ కుదరకపోతే ఇంటికి అందరికీ కనిపించే చోట అంటించవచ్చు. 15 రోజుల లెక్క రాసిన రోజు నుంచి కాకుండా అందిన రోజు నుంచి మొదలవుతుంది. గేటు దగ్గర నిలబడి గట్టిగా చెప్పడం, ఫోన్ చేసి నెలాఖరుకు ఖాళీ చేయమనడం నోటీసు కిందికి రావు. అయితే 15 రోజులు నిజంగా గడిచాకే దావా వేసి ఉంటే, నోటీసులో రాసిన గడువు రెండు మూడు రోజులు తక్కువైందన్న ఒక్క కారణంతో అది చెల్లకుండా పోదు. కాబట్టి కిరాయిదారులు అలాంటి చిన్న లోపాన్ని పట్టుకుని కూర్చోవడం వల్ల ప్రయోజనం లేదు.

గడువు తీరినా కిరాయిదారు కదలకపోతే ఓనర్ చేయాల్సింది కోర్టులో దావా వేయడం. తాళం మార్చడానికి, సామాను వీధిలో పెట్టించడానికి, నల్లా కట్టేయడానికి, మీటరు ఫ్యూజు తీయడానికి ఎవరికీ అధికారం లేదు, ఇల్లు తన సొంతమైనా సరే. చట్టబద్ధమైన ప్రక్రియ లేకుండా బలవంతంగా బయటికి గెంటితే, ఆరు నెలలలోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లోని 6వ సెక్షన్ కింద సివిల్ కోర్టులో దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్న పక్కకుపోతుంది, ఎవరు ఉంటున్నారు, ఎలా వెళ్లగొట్టారు అన్నదే చూస్తారు. ఆరు నెలలన్న గడువును మాత్రం మరువకూడదు.

పదకొండు నెలల కాగితం సంగతి

కాగితం రాసుకున్నవాళ్లు కూడా ఎక్కువగా చేసేది, వంద రూపాయల స్టాంపు కాగితం మీద 11 నెలల ఒప్పందం టైపు చేయించి, నోటరీ ముద్ర వేయించుకుని, ఇక అంతా భద్రమని అనుకోవడం. ఏడాది లోపు ఒప్పందానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదన్న నమ్మకమే ఈ 11 నెలల లెక్కకు మూలం. దేశంలో చాలా చోట్ల అది నిజమే. మన దగ్గర కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్‌ను సవరించి, గడువుతో నిమిత్తం లేకుండా స్థిరాస్తి కిరాయి పత్రాలన్నిటినీ తప్పనిసరిగా రిజిస్టరు చేయవలసిన జాబితాలో చేర్చారు. ఆ సవరణ తెలంగాణకూ సంక్రమించింది. నోటరీ ముద్ర ఆ సంతకం ఫలానా వారిదని చెబుతుందే తప్ప రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు.

అయితే రిజిస్టరు కాని కాగితం పూర్తిగా వ్యర్థమా అంటే, కాదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 49వ సెక్షన్ ప్రకారం అందులోని షరతులను, ముఖ్యంగా గడువును, కోర్టులో నిరూపించడానికి అది పనికిరాదు. కానీ ఆ ఇంట్లో మీరు ఏ హోదాలో ఉంటున్నారు, ఎప్పటి నుంచి ఉంటున్నారు వంటి పక్క విషయాలకు ఆధారంగా చూపవచ్చు. 2000లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో ఐదేళ్ల కిరాయి పత్రం రిజిస్టరు కాలేదు. ఆ పత్రం ఐదేళ్ల హక్కు ఇవ్వలేదని చెబుతూనే, ఇల్లు స్వాధీనం చేసి కిరాయి పుచ్చుకున్నారు కాబట్టి కిరాయిదారు హోదా మాత్రం ఉందని, అది నెలవారీ కిరాయి అవుతుందని కోర్టు తేల్చింది. అంటే రిజిస్టరు కాని కాగితం ఉన్న మనిషి, ఏ కాగితమూ లేని మనిషి చివరికి దాదాపు ఒకే చోట నిలుస్తారు.

స్టాంపు గురించి రెండు మాటలు. చెల్లించాల్సిన సుంకం కంటే తక్కువ విలువ గల కాగితం మీద రాస్తే, లోటు సుంకాన్ని, దాని మీద పది రెట్ల వరకు పడే జరిమానాను కట్టేదాకా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. ఇక స్టాంపు కాగితం కొని ఆరు నెలలు దాటితే చెల్లదన్న ప్రచారం తప్పు. ఆరు నెలల గడువు వాడని స్టాంపు విలువను ప్రభుత్వం నుంచి వాపసు తీసుకోవడానికే తప్ప, దాని మీద రాసుకోవడానికి కాదని సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది.

మడిగె తీసుకునేవారికి ప్రత్యేకంగా

ఇంటి విషయంలో నెలవారీ కిరాయి పెద్ద ప్రమాదం కాదు. ఇంకో ఇల్లు దొరుకుతుంది, పిల్లల బడి దూరమవుతుంది, అంతే. దుకాణం అలా కాదు. జడ్చర్లలోనో మిర్యాలగూడలోనో బస్టాండు దగ్గర ఒక మడిగె తీసుకుని టిఫిన్ సెంటరో మందుల దుకాణమో పెట్టే మనిషి, మొదటి నెలలోనే షట్టరుకు రంగు, లోపల అరలు, నేలకు టైల్స్, బోర్డు, వైరింగు, ఫ్రిజ్ కోసం అప్పు తెచ్చి ఖర్చు పెడతాడు. ఆ ఖర్చు తిరిగి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఓనర్ ఐదేళ్ల వరకు కదిలించనని నలుగురి ముందు చెప్పి ఉండవచ్చు, మనస్ఫూర్తిగానే చెప్పి ఉండవచ్చు. కానీ వ్యాపారం నిలదొక్కుకున్న ఏడాదికి పక్క దుకాణదారు ఎక్కువ కిరాయి ఇస్తానన్నా, ఓనర్ కొడుకు తానే దుకాణం పెట్టుకుంటానన్నా, ఆ ఐదేళ్ల మాటను కోర్టులో నిలబెట్టే మార్గం లేదు. కట్టిన కిరాయి ఒప్పందాన్ని నెలవారీగా నిలబెడుతుంది. 15 రోజుల నోటీసు దాన్ని ముగిస్తుంది.

అందుకే మడిగెకు పెట్టుబడి పెట్టేవాళ్లు కిరాయి పత్రాన్ని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించుకున్నాకే షట్టరుకు రంగు వేయించాలని నా గట్టి సలహా. సుంకం కిరాయి మొత్తాన్ని, గడువును బట్టి లెక్క కడతారు. అరలకూ టైల్స్‌కూ పెట్టే ఖర్చుతో పోల్చుకుని చూడండి. పత్రం మీద సంతకాలు అయిన నాలుగు నెలలలోపు రిజిస్ట్రేషన్‌కు సమర్పించవచ్చు, కాబట్టి ఇప్పటికే రాసుకున్న కాగితం ఉంటే ఆ తేదీ చూసుకోండి. గడువు ఎంత, కిరాయి ఏ ఏడాది ఎంత పెరుగుతుంది, ఓనర్ గడువుకు ముందే ఖాళీ చేయమనవచ్చా, మీరు బిగించిన అరలు, బోర్డు, ఏసీ వెళ్లేటప్పుడు తీసుకుపోవచ్చా అన్నవి పత్రంలో కచ్చితంగా ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు ఓనర్ ససేమిరా ఒప్పుకోకపోతే, మీకు దక్కుతున్నది నెలవారీ మడిగెయేనని అర్థం చేసుకుని, పెట్టుబడిని దానికి తగ్గట్టు కుదించుకోవాలి.

మాటకు రుజువు కూర్చుకోవడం

నోటిమాట చెల్లుతుందని చట్టం చెప్పినా, ఆ మాట ఏమిటో రుజువు చేయాల్సింది మనమే. నల్గొండలో నేను మొదట కిరాయికి ఉన్న పై అంతస్తు పోర్షన్‌కు కాగితం లేదు. ఓనర్ పెద్దాయన, మాట మీద నిలబడే మనిషి. నెలనెలా నేనిచ్చిన కిరాయిని గోడకు వేలాడే క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో రాసుకునేవాడు. ఆయన పోయాక కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చి ఇల్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. పాత క్యాలెండర్లు ఎప్పుడో చిత్తుకాగితాల్లో కలిసిపోయాయి. నేను ఖాళీ చేస్తానన్నప్పుడు, అడ్వాన్సు ఇచ్చినట్టు తనకు తెలియదన్నాడు. అతను అబద్ధం ఆడలేదు, నిజంగానే తెలియదు. నన్ను కాపాడింది ఇంట్లో దిగిన రోజు పెద్దాయనకు నేను పంపిన ఒక మెసేజ్, దానికి ఆయన ఇచ్చిన జవాబు: "అందినయ్ బిడ్డా, తాళంచెవి భద్రం." ఆ రెండు వరుసలు చూపించగానే కొడుకు మారుమాట లేకుండా డబ్బు తెచ్చి ఇచ్చాడు.

అందుకే ఇంట్లో దిగిన రోజే ఓనర్‌కు వాట్సాప్‌లో ఇలాంటి మెసేజ్ పంపండి: "నమస్తే సార్. ఈరోజు, జూన్ 5న, మీ ఇంటి పై అంతస్తులో ఉత్తరం వైపు పోర్షన్ తాళంచెవి తీసుకున్నాను. కిరాయి నెలకు 6,500 రూపాయలు, ప్రతి నెల 5వ తేదీ లోపు ఇవ్వాలని అనుకున్నాం. అడ్వాన్సు 13,000 రూపాయలు నగదుగా మీకు ఇచ్చాను, ఖాళీ చేసిన రోజు తిరిగి ఇస్తామన్నారు. కరెంటు బిల్లు మాది, నల్లా బిల్లు మీది. ఇందులో ఏదైనా తేడా ఉంటే చెప్పగలరు." ఇది కొత్తగా షరతులు పెట్టే పత్రం కాదు, అప్పటికే అయిపోయిన మాటను గుర్తుచేసే సమాచారం. అందుకే జరిగిన సంగతిని చెప్పినట్టు రాయాలి. ఓనర్ నుంచి "సరే" అన్న ఒక్క మాట వచ్చినా చాలు. ఆయనకు వాట్సాప్ లేకపోతే ఇంట్లో ఉన్న అబ్బాయికో కోడలికో పంపి, ఆయనకు చదివి వినిపించమని కోరవచ్చు.

కిరాయిని వీలైనంతవరకు ఫోన్‌పే, గూగుల్ పే లేదా బ్యాంకు ద్వారానే పంపండి, పంపేటప్పుడు "జూన్ కిరాయి" అని తప్పక రాయండి. లేకపోతే అది చేబదులు అని ఎవరైనా వాదించవచ్చు. నగదే కావాలని ఓనర్ పట్టుబడితే రసీదు అడగాలి, 5,000 రూపాయలు దాటిన రసీదు మీద ఒక రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. రసీదు అడగడం పెద్దవాళ్ల ముందు అమర్యాద అనిపిస్తే, ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, మొత్తం రాసి సంతకం పెట్టించుకోవడం అందరికీ సులువైన పద్ధతి. ఫోన్‌లోని మెసేజ్‌లను కోర్టులో చూపాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. కాబట్టి స్క్రీన్‌షాట్‌లు తీసుకున్నా అసలు మెసేజ్‌లను తుడిచేయకండి, ఫోన్ మార్చినప్పుడు పాతదాన్ని అమ్మేయకండి.

ఇంకొకటి, మీకు ఇల్లు ఇస్తున్న మనిషికి ఇచ్చే అధికారం ఉందో లేదో మర్యాదగానే తెలుసుకోండి. ఇంటి పన్ను రసీదు మీద, కరెంటు బిల్లు మీద ఎవరి పేరు ఉందో చూస్తే చాలావరకు తేలిపోతుంది. అసలు ఓనర్ వేరే ఊళ్లో ఉండి తమ్ముడో బావమరిదో కిరాయి వసూలు చేస్తుంటే, ఆ అసలు ఓనర్‌తో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడి, ఎవరికి కట్టాలో మెసేజ్‌లో రాయించుకోండి.

పాత కిరాయిలకు వేరే రక్షణ

పట్టణాల్లో ఇళ్లకు, దుకాణాలకు 1960 నాటి భవనాల కిరాయి నియంత్రణ చట్టం కూడా ఉంది. అయితే కిరాయి మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు మించిన భవనాలను 2005లో దాని పరిధి నుంచి తప్పించారు, కాబట్టి ఇవాళ కొత్తగా ఇల్లు తీసుకునేవారిలో ఎక్కువమందికి అది వర్తించదు. పాత బజారుల్లో దశాబ్దాలుగా కొద్దిపాటి కిరాయికి నడుస్తున్న మడిగెలకు మాత్రం అది ఇప్పటికీ పెద్ద అండ. దాని కింద ఓనర్ ఖాళీ చేయించాలంటే ఉద్దేశపూర్వకంగా కిరాయి ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వడం, తనకే నిజంగా అవసరం పడటం వంటి చట్టంలో చెప్పిన కారణాన్ని, ఆ చట్టం కింద కిరాయి తగాదాలు విచారించే రెంట్ కంట్రోలర్ ముందు చూపాలి. ఓనర్ కావాలనే కిరాయి పుచ్చుకోకుండా, తరువాత ఎగ్గొట్టారని కేసు వేసే ఎత్తుగడ ఈ మడిగెల్లో తరచుగా వినిపిస్తుంది. అలాంటప్పుడు బ్యాంకు వివరాలు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగి, ఇవ్వకపోతే మనీఆర్డరు పంపి, అదీ తిరిగివస్తే రెంట్ కంట్రోలర్ దగ్గర జమచేసే దారిని చట్టమే చూపింది. ఒక్క నెల కూడా ఆలస్యం చేయకండి.

ఇల్లు అమ్మితే, గోడ పగిలితే, ఖాళీ చేస్తే

ఇల్లు అమ్ముడుపోయినంత మాత్రాన కిరాయిదారు హక్కు పోదు. కొన్నవాళ్లు పాత ఓనర్ స్థానంలోకి వస్తారు, ఖాళీ చేయించాలంటే వాళ్లు కూడా నోటీసు ఇవ్వాల్సిందే. అమ్మకం సంగతి తెలియక పాత ఓనర్‌కే కిరాయి కట్టి ఉంటే మళ్లీ కట్టనక్కరలేదు. కాకపోతే మీ అడ్వాన్సు ఎవరి దగ్గర ఉందన్నది అప్పుడే ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాలి, ఆలస్యమైతే ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోస్తారు.

ఓనర్ చేయించాల్సిన మరమ్మతును రాసి అడిగినా తగిన సమయంలో చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చును కిరాయిలో తగ్గించుకునే హక్కును ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ఇస్తుంది. అదే సెక్షన్ ప్రకారం ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించే బాధ్యత కిరాయిదారుది, మామూలు వాడకంతో వచ్చే అరుగుదల మినహా. ఐదేళ్లలో గోడ రంగు వెలిసిపోవడం అరుగుదలే. తలుపు విరగడం కాదు. సున్నం డబ్బులని ఒక నెల కిరాయి అడ్వాన్సు నుంచి పట్టుకోవడం మన దగ్గర ఆనవాయితీ కాబట్టి, అది ఉందో లేదో మొదటి రోజు మెసేజ్‌లోనే చేర్చడం మేలు.

అడ్వాన్సు ఇవ్వకపోతే మొదట రాతపూర్వక నోటీసు, తరువాత జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, అక్కడ కుదిరిన రాజీ తీర్పుకు (అవార్డుకు) సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. డబ్బు కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది.

ఖాళీ చేసే రోజు సామాను బండి ఎక్కించాక, ఊడ్చిన గదులను, కరెంటు మీటరు మీది అంకెలను ఫోటో తీసి ఓనర్‌కు అక్కడికక్కడే పంపండి. తెల్లకాగితం మీద "ఫలానా తేదీన ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి అప్పగించారు, కిరాయి బాకీ లేదు, అడ్వాన్సు ఇంత తిరిగి ఇచ్చాను" అని రాసి ఇద్దరూ సంతకం చేసి చెరొకటి ఉంచుకోండి. సంతకం అయ్యాకే తాళంచెవి ఇవ్వండి.